ఎడారి కాపాడిన ఇనుము

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, స్కాట్స్‌డేల్ నగరం. జనవరి వచ్చిందంటే ఇక్కడ పాత బండ్ల వేలం పాటలే. మెక్‌డవెల్ కొండల చేరువలో ఉన్న వెస్ట్‌వరల్డ్ మైదానంలో బ్యారెట్-జాక్సన్ సంస్థ పెట్టే వేలం వీటిలో బాగా పేరున్నది. జనం స్పోర్ట్స్ కార్ల చుట్టూ మూగుతారు కానీ, తీరిగ్గా చూడాల్సింది పికప్ ట్రక్కుల్ని, అందులోనూ షెవ్రొలే 3100ని.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947 వేసవిలో ఆ కంపెనీ కొత్త రూపంతో తెచ్చిన బండి ఇది. 1955 మొదటి నెలల దాకా తయారైంది. గడ్డిమోపులు, దాణా బస్తాలు, కంచె గుంజలు మోయడానికి రైతులు కొనుక్కున్నారు. తొలి బండ్లలో ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉండే 216 క్యూబిక్ అంగుళాల ఇంజన్, 90 హార్స్‌పవర్. స్టార్ట్ చేయాలంటే కాలితో మీట తొక్కాలి. వెనక తొట్టి అడుగున చెక్క పలకలు, వాటి సందుల్లో ఉక్కు పట్టీలు. క్యాబిన్ వెనక మూలల్లో వంపు అద్దాలున్న రకాన్ని ‘ఐదు కిటికీల బండి’ అంటారు. సేకరించేవాళ్లు ముందు అడిగేది దాన్నే.

ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు కరిగించడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు క్యాబిన్ కింది మూలల్ని, తలుపు కింద అడుగుపెట్టే పలకల్ని తినేస్తాయి. ఇక్కడ ఆ బెడద లేదు, ఉన్నది సొనోరా ఎడారి. పొలంలో ఏళ్ల తరబడి వదిలేసిన బండికి రంగు వెలుస్తుంది, రబ్బరు పగులుతుంది, సీటు పీలికలవుతుంది. రేకు మాత్రం నిలుస్తుంది. మిగతావన్నీ కొత్తవి దొరుకుతాయి. రేకు పోతే కోసి అతుకులు వేయాల్సిందే.

పాత ఇంజన్ తీసేసి వీ8 పెట్టి, ఏసీ, డిస్క్ బ్రేకులు అమర్చిన బండ్లూ వేలానికి వస్తాయి. తరచూ ఎక్కువ ధర పలికేవి అవే. ఫ్రీవే మీద రోజూ తిరగాలనుకునేవాళ్లకు ఆ బ్రేకులు కావాలి, కాదనను. అయినా నా ఓటు ఆ ఆరు సిలిండర్లకే. రైతు తన కొట్టంలోనే విప్పి బాగుచేసుకోగలిగిన ఇంజన్ అది. దాన్ని తీసేస్తే మిగిలేది ఆకారమే.

ఈ వేలంలో చాలా బండ్లకు కనీస ధర ఉండదు. పాట ఎక్కడ ఆగితే అక్కడికే ఇచ్చేయాలి. కొన్నవాళ్లు ఆపైన సంస్థకు కమిషన్ కట్టాలి.

టెంపేలో విశ్వవిద్యాలయం, చాండ్లర్‌లో ఇంటెల్ ఫ్యాక్టరీ ఉండడంతో ఈ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందే ఉన్నారు. జనవరిలో అటు వెళ్తే టికెట్ కొనుక్కుని ఒక పూట చూసి రండి. పాట పాడే ఉద్దేశం ఉంటే మాత్రం రంగు మెరుపు దగ్గరే ఆగిపోకండి. వంగి, క్యాబిన్ కింది మూలలు తడిమి చూడండి. అక్కడ అతుకు లేని పాత రేకు గట్టిగా తగిలితే, ఆ బండి కొనదగ్గదే.