మినుకులో దొరికే కొలత

మే నెలాఖరున అర్ధరాత్రి వేళకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో వృశ్చికరాశి దక్షిణాన బాగా పైకి వచ్చి ఉంటుంది. ఎర్రటి జ్యేష్ఠా నక్షత్రానికి ఉత్తరంగా, చాచిన చేతి పిడికిలంత దూరంలో స్కార్పియస్ ఎక్స్-1 ఉంది. కంటికి ఆనదు. కానీ సూర్యుణ్ణి మినహాయిస్తే మన ఆకాశంలో నిత్యం అత్యధికంగా ఎక్స్-కిరణాలు కురిపించేది ఇదే. 1962లో రికార్డో జియాకోనీ బృందం రాకెట్ పంపి దీన్ని పసిగట్టింది.

ఆ కిరణాలను గాలి మింగేస్తుంది, నేలకు చేరనివ్వదు. అందుకే 1968లో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాద్ నుంచి బెలూన్‌లో పరికరం ఎగరేశారు. కిరణాల తీవ్రత ఉన్నట్టుండి మారడం చూసి, మరుసటి ఏడాది 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఇప్పుడా పని ఉపగ్రహాలది. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ అలాంటిదే.

అసలు ఆ తీవ్రత ఎందుకు మారుతుంది? అక్కడ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేవి రెండున్నాయి. ఒకటి చిన్న నక్షత్రం. రెండోది న్యూట్రాన్ తార. ఇలాంటివి సూర్యుడికంటే బరువుంటాయి, అయినా నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఉన్న 40 కిలోమీటర్లలో సులువుగా ఇమిడిపోతాయి. నక్షత్రం నుంచి లాక్కున్న వాయువు పళ్లెంలా చుట్టూ తిరుగుతూ, లోపలికి పడే కొద్దీ కోట్ల డిగ్రీలకు కాగుతుంది. ఆ పడటం ఒక తీరుగా సాగదు, వెలుగూ నిలకడగా ఉండదు.

ఆ నిలకడలేమే మనకు కొలబద్ద. సెకనులో వెయ్యో వంతులో కాంతి 300 కిలోమీటర్లు పోతుంది. వెలుగు అంతలోనే గణనీయంగా మారిందంటే, వెలిగే చోటు అంతకంటే పెద్దది కాకూడదు. పెద్దదైతే ఈ చివరి మార్పు, ఆ చివరి మార్పు వేర్వేరు వేళల్లో మనకు చేరి కలిసిపోతాయి. 1996లో ఈ తారలో సెకనుకు వెయ్యికి పైగా సార్లు ఊగే వెలుగు దొరికింది. ఏ టెలిస్కోపూ విడదీసి చూపలేని ప్రదేశాన్ని గడియారంతో కొలవడమంటే ఇదే. నాకైతే ఖగోళశాస్త్రంలో ఇంతకంటే సొగసైన ఉపాయం కనిపించదు.

మామూలు కాంతిలో చూస్తే ఇది పన్నెండు, పదమూడో తరగతి తార. ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకు కెమెరా తగిలిస్తే ఆళ్లగడ్డ మేడ మీద నుంచైనా అందుతుంది. అదే ఫొటోలో పడిన నిలకడైన తారలతో పోల్చి కొలవాలి. పల్చటి మబ్బు అడ్డొచ్చినా అన్నిటి వెలుగూ ఒకే పాళ్లలో తగ్గుతుంది కాబట్టి పోలిక పెద్దగా చెడదు.

కక్ష్యలో ఒక చుట్టుకు సుమారు 18.9 గంటలు. ఎక్స్-కిరణాలకు కాగిన చిన్న నక్షత్రపు ముఖం మనవైపు తిరిగినప్పుడు వెలుగు కాస్త పెరుగుతుంది. ఈ లయ గందరగోళపు మినుకుల్లో మునిగి ఉండటంతో, దశాబ్దాల పాత ఫొటో పలకలు వెతికాక, 1975లో గాని బయటపడలేదు. రోజుకు 24 గంటలు కాబట్టి, ప్రతి రాత్రీ అదే వేళకు చుట్టు 5.1 గంటలు ముందుకు జరిగి ఉంటుంది. వరసగా నాలుగు రాత్రులు ఐదేసి గంటలు చూస్తే చుట్టు దాదాపు మొత్తం చేతికొస్తుంది. లయ తేలాలంటే ఇలాంటి విడతలు చాలా కావాలి, అదీ నైరుతి మబ్బులు కమ్మకముందే.