మొదలు లేని మర్రి

హౌరా శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో మహావటవృక్షం కింద నిలబడి మా మనవరాలు అడిగింది: "తాతయ్యా, ఇందులో అసలు చెట్టు ఏది?"

చూపించడానికి అసలు మొదలే లేదు. 1864, 1867 తుపాన్లకు కొమ్మలు విరిగి, ఆ గాయాల్లోకి శిలీంధ్రాలు చేరి మాను కుళ్లిపోయింది. పదిహేను మీటర్లకు పైగా చుట్టుకొలత ఉన్న ఆ మానును 1925లో తొలగించారు. తెగులు మిగతా చెట్టుకు పాకకూడదని! కన్నతల్లిని పోగొట్టుకున్నా పిల్లలు కూలిపోలేదు. నేలలో దిగిన ప్రతి ఊడా తనే మానై, నీళ్లు తోడుకుంటూ పైకొమ్మను మోస్తుంది. అలాంటివి మూడు వేలకు పైనే. చుట్టూ వేసిన రోడ్డును కూడా చెట్టు ఎప్పుడో దాటేసింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం లేత ఊడల సంరక్షణే. గాలిలో వేలాడే ఊడ దారం అంత సన్నం. దాన్ని మట్టి నింపిన వెదురు బొంగులోంచి నేలదాకా నడిపిస్తారు. మట్టి తగిలితే చాలు, లావెక్కుతుంది. పైకొమ్మ బరువెక్కేలోపు కింద ఊడ సిద్ధంగా ఉండాలి. పసిబిడ్డకు నడక నేర్పినంత ఓపిక కావాలి. 2020లో అంఫన్ తుపాను కొన్ని ఊడల్ని పడగొట్టింది. మళ్లీ అదే పని మొదలు.

ఈ తోటకు మనతోనూ బంధం ఉంది: దీన్ని 1793 నుంచి చూసుకున్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచినవాడే. మర్రికి ఇలాంటి సేవ మన దగ్గరా జరిగింది: పాలమూరు పిల్లలమర్రికి 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. ఆ సీసాలు వేలాడుతున్న ఫొటో చూసి, ఆసుపత్రిలో ఉన్న మనిషిని చూసినట్టే దిగులుపడ్డాను.