పెరటిలోని శలభాలు: అతిథి ఎవరు, అపరాధి ఎవరు?

గత వర్షాకాలంలో మా పెరటిలో మేము ఒక అన్యాయం చేశాము. మణికొండలో ఇళ్ళ మధ్య మిగిలిన కొద్దిపాటి మట్టిలో మా ఇల్లాలు నాలుగు వంగ మొక్కలు, ఒక బొప్పాయి, గోడ పక్కన ఒక నందివర్ధనం పెంచుతున్నది. ఆ రోజుల్లో వంగ కొమ్మల చివర్లు వాడి వేలాడసాగాయి. కోసిన కాయల్లో సగం పుచ్చులే. అదే వారంలో నందివర్ధనం మీద వేలంత లావున్న ఆకుపచ్చని పురుగులు కనిపించాయి. తల దగ్గర కళ్ళను పోలిన రెండు నీలి మచ్చలు, తోక మీద చిన్న కొమ్ము. దోషులు ఇవేనని నిశ్చయించుకొని, అంగడి నుండి పురుగుమందు తెచ్చి పెరడంతా పిచికారీ చేశాము.

మరునాటికి నందివర్ధనం కింద ఆ పురుగులన్నీ చచ్చి పడి ఉన్నాయి. పక్కనే ఉన్న పుదీనా, కొత్తిమీరలను పీకి పారవేయవలసి వచ్చింది. వంకాయలు మాత్రం తర్వాతి కోతలోనూ పుచ్చులుగానే వచ్చాయి. కాయను తొలిచే పురుగు కాయ లోపలే ఉంటుంది. పైన చల్లిన మందు దానిని చేరదు. నేరం చేసినది లోపల క్షేమంగా ఉన్నది, ఆ నేరంతో సంబంధం లేనిది నేల రాలింది.

ఏళ్ళ తరబడి పిల్లలకు హదీసు పాఠాలు చెబుతున్న మాకు ఆ సాయంత్రం ఒక హదీసు గుర్తుకు వచ్చి సిగ్గు కలిగింది. పూర్వం ఒక ప్రవక్తను ఒక చీమ కుట్టగా, ఆయన చీమల పుట్టనంతా కాల్పించారు. కుట్టినది ఒక్కటే కాగా, తనను స్తుతించే సమూహాన్నంతా దహించినందుకు అల్లాహ్ ఆయనను మందలించాడు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. హాని చేసే ప్రాణిని నివారించడానికి షరీఅత్ అనుమతిస్తుంది. అయితే హాని చేసినది ఏదో ముందుగా తేల్చుకోవాలి.

అతిథులను గుర్తిద్దాం

మేము చంపినవి ఓలియాండర్ హాక్ మాత్ అనే శలభపు పిల్లలని తర్వాత తెలుసుకున్నాము. ఇవి గన్నేరు, నందివర్ధనం వంటి మొక్కల ఆకులు తింటాయి, వంగ జోలికి రావు. మనిషికి విషమైన గన్నేరు ఆకే వీటికి ఆహారం. బెదిరినప్పుడు తల ముడుచుకొని, ఆ నీలి మచ్చలను ఉబ్బించి చూపి, శత్రువును భయపెడతాయి. పెరిగాక రాలిన ఆకుల కిందికి చేరి కోశస్థ దశలోకి వెళతాయి. అందులో నుండి వెలువడే శలభం రెక్కలు చాచితే దాదాపు 10 సెంటీమీటర్లు ఉంటుంది. ఆకుపచ్చ, గులాబీ చారలతో పాలరాతి పలకలా కనిపిస్తుంది. తినిన కొమ్మలకు నందివర్ధనం మళ్ళీ చిగురిస్తుంది.

మగ్రిబ్ తర్వాత రాత్రిరాణి పూలపై గాలిలో నిలిచి మకరందం తాగేవి ఇటువంటి శలభాలే. బొప్పాయిలో మగ చెట్టు పుప్పొడిని ఆడ చెట్టుకు చేర్చేది కూడా ముఖ్యంగా ఈ జాతివే. ఇక వీటి పిల్లలు పక్షులకు ఆహారం. గింజలు తినే పిచ్చుక సైతం తన కూనలకు మెత్తని పురుగులనే తెచ్చి పెడుతుంది. ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గాని, పక్షి గాని, జంతువు గాని తినినది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. కొన్ని ఆకులు పోయినంత మాత్రాన మనకు నష్టమని భావించనవసరం లేదు.

అపరాధులను ఆపుదాం

అన్ని శలభాలూ అతిథులు కావు. వంగను తొలిచేది తెల్లని చిన్న రెక్కల పురుగు సంతానం. వాడిన కొమ్మను కొంచెం కిందికి కత్తిరించి నాశనం చేయాలి. పుచ్చు కాయలను చెట్టు కింద వదలరాదు. మగ రెక్కల పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు విత్తనాల దుకాణాల్లో దొరుకుతాయి. పొగాకు లద్దె పురుగు ఆకుల మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. ఆ ఒక్క ఆకును తుంచి సబ్బు నీటిలో ముంచితే వందలాది పురుగులను ఆపినట్లే. ఇవేవీ చాలకపోతే వేపగింజల కషాయాన్ని, అదీ పురుగు పట్టిన మొక్క మీదనే, తేనెటీగలు గూటికి చేరాక సాయంత్రం చల్లాలి.

మునగ మొదలుపై గుంపు కట్టే గొంగళి పురుగులను కాగడాతో కాల్చే అలవాటు మనలో ఉన్నది. అగ్నితో శిక్షించే హక్కు అగ్నికి ప్రభువైన అల్లాహ్‌కే ఉన్నదన్న ప్రవక్త (సల్లం) బోధ అబూ దావూద్ గ్రంథంలో కనిపిస్తుంది. సబ్బు నీటితోనే ఆ పని జరుగుతుంది.

దీపం చేసే హాని

మా చుట్టూ గుట్టలు కరిగి గాజు భవనాలు లేచాయి. రాత్రంతా వెలిగే దీపాల చుట్టూ శలభాలు తిరిగి తిరిగి అలసి రాలుతాయి. ముషాయిరాలలో పర్వానాను దీపానికి ప్రేమికుడిగా కీర్తించడం విన్నాము. అయితే 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన వేరే సంగతి చెప్పింది. రాత్రి వేళ నేల కంటే ఆకాశమే వెలుగుగా ఉంటుంది కనుక, ఎగిరే కీటకాలు తమ వీపును వెలుగు వైపు తిప్పుకొని దారి నిలుపుకుంటాయి. మన దీపాన్ని ఆకాశమని భ్రమించి, దాని చుట్టూ చిక్కుకుంటాయి. అది ప్రేమ కాదు, దారి తప్పడం.

దివ్యఖుర్ఆన్ 101వ సూరా అల్ ఖారిఆ ప్రళయ దినాన మానవులను చెల్లాచెదురైన దీపపు పురుగులతో పోల్చింది. మంటలో పడుతున్న శలభాల వంటి మనుషులను నడుము పట్టి వెనక్కి లాగేవాడిగా దైవప్రవక్త (సల్లం) తనను వర్ణించుకున్నారు. దారి తప్పిన వారి పట్ల ఆయనకు కలిగినది కరుణ. ఆ కరుణలో కొంత మన పెరటికీ దక్కాలి. పడుకునే ముందు దీపాలు ఆర్పమన్నది కూడా ఆయన ఆదేశమే. ఇషా తర్వాత వాకిట అవసరం లేని దీపాన్ని ఆర్పితే ఆ ఆదేశాన్ని పాటించినట్లవుతుంది, ఈ మూగజీవులకూ మేలు జరుగుతుంది.

ఈ సంవత్సరం మా నందివర్ధనం మీద మళ్ళీ నీలి కళ్ళు కనిపించాయి. మందు డబ్బా ఇంట్లో లేదు. మదర్సా పిల్లలను పిలిచి చూపించాము. శిక్షించే ముందు విచారించే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.