కాలువల సీమలో మంచినీళ్లు కొనడమెందుకు?

పక్కనే కొల్లేరు, ఊరూరా కాలువలు. అయినా పశ్చిమ గోదావరి పల్లెల్లో తాగునీటికి కటకటే. ఎందుకు? కాలువల్లో మురుగు, చేపల చెరువుల నీరు, పొలాల మందులు కలుస్తాయి. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే.

2001లో పుట్టిన బైర్రాజు ఫౌండేషన్ ఇక్కడి ఊళ్లలో నీటిశుద్ధి ప్లాంట్లు పెట్టించింది. సేవాసంస్థే, కానీ నీళ్లు ఊరికే ఇవ్వలేదు! క్యాన్‌కు కొద్దిపాటి ధర పెట్టింది. ఎందుకంటే విరాళం ఒకసారి వస్తుంది, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. ఫిల్టర్లు మార్చాలి, నడిపే మనిషికి జీతమివ్వాలి. ఆ కొద్ది ధరా బరువయ్యే ఇళ్లుంటాయి, అదొక చిక్కే. అయినా నాకీ పద్ధతే నచ్చుతుంది. ఫౌండేషన్‌ను స్థాపించింది సత్యం కంప్యూటర్స్ అధినేతల కుటుంబం; 2009లో ఆ కంపెనీ కుంభకోణం బయటపడింది. అలా దాత చెయ్యి ఖాళీ అయినా, సొంత రాబడి ఉన్న ప్లాంటును ఊరే నడుపుకోవచ్చు.