పూయడం మరచిన మనీప్లాంటు

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మనీప్లాంటు తీగ ఉండే ఉంటుంది. ఖాళీ సీసాలో నీళ్లు పోసి కొమ్మ వేసినా బతికే మొక్క అది. ఒకసారి దగ్గరగా చూడండి. ఆకుల మీద బంగారు రంగు మచ్చలు, చారలు కనిపిస్తాయి. ఏ రెండు ఆకులూ ఒక్కలా ఉండవు. సరే, ఆ తీగ పూయగా మీరెప్పుడైనా చూశారా? మీ తాతగారిని అడిగినా చూడలేదనే చెబుతారు. చారల ఆకు, పూయని తీగ – ఈ రెండు వింతలకూ మూలం జన్యువుల్లోనే ఉంది.

చేమకు, కందకు చుట్టం

మనం వండుకునే చేమ, కంద, ఈ మనీప్లాంటు – అన్నీ ఏరేసీ అనే ఒకే కుటుంబానికి చెందినవి. వీటి పువ్వులు చాలా చిన్నవి. లావుపాటి కాడ మీద కిక్కిరిసి ఉంటాయి. ఆ కాడను స్పాడిక్స్ అంటారు. దాని వెనుక దొప్పలా ఉండేది స్పేథ్. అది పూరేకు కాదు, రూపం మార్చుకున్న ఆకు! ఆంథూరియంలో ఎర్రగా మెరిసేది ఈ స్పేథే.

ఒక్కొక్కప్పుడు ఒకే కాడకు రెండు స్పేథ్‌లు వస్తాయి. అది చూడగానే ఉత్పరివర్తనం అనుకోకండి. తరువాత వచ్చేవి మామూలుగా ఉంటే, అది ఎదుగుదలలో జరిగిన చిన్న పొరపాటు కావచ్చు. కొమ్మ నాటి పెంచినా అదే వింత మళ్లీ మళ్లీ వస్తే, అప్పుడు జన్యువును అనుమానించాలి.

అందమా? ఆకలా?

కొమ్మ కొసన ఉండే మొగ్గలో కణాలు విభజన చెందుతూ కొత్త ఆకులను తయారు చేస్తాయి. అక్కడ ఒక్క కణంలో పత్రహరితానికి సంబంధించిన జన్యువు చెడిందనుకోండి. ఆ కణం నుండి పుట్టిన కణాలన్నీ పాలిపోతాయి. పక్క కణాల నుండి వచ్చినవి పచ్చగానే ఉంటాయి. ఇలా రెండు రకాల కణాలు కలిసి ఉన్న మొక్కను కైమీరా అంటారు. ప్రయోగశాలలో చారల మనీప్లాంటు ముక్కల నుండి మొక్కలను పెంచినప్పుడు కొన్ని పూర్తి పచ్చగా, కొన్ని లేత పసుపుగా, కొన్ని చారలతో వచ్చాయి.

‘మార్బుల్ క్వీన్’ అనే రకంలో తెలుపు ఎక్కువ. పూర్తిగా తెల్లబడిన కొమ్మ తన ఆహారం తాను తయారు చేసుకోలేదు. పచ్చని ఆకులు పంపే చక్కెరతోనే బతుకుతుంది. దాన్ని కోసి విడిగా నాటితే కొన్నాళ్లకు చచ్చిపోతుంది. మన కంటికి అందం, మొక్కకు ఆకలి!

పువ్వు ఏమైంది?

మనీప్లాంటు స్వస్థలం పసిఫిక్ మహాసముద్రంలో తాహితీ పక్కనున్న మొరేయా దీవి. 1880లో దీనికి పోథాస్ ఆరియస్ అని పేరు పెట్టారు. మొక్క ఏ ప్రజాతిదో తేల్చడానికి పువ్వు చాలా ముఖ్యం. ఇక్కడ అదే కరువు! 1962లో ఒక పువ్వు కనబడగా పరిశీలించి పేరు మార్చారు. ఆ తరువాత మళ్లీ మార్చారు. నేటి పేరు ఎపిప్రెమ్నమ్ ఆరియం.

అసలు కారణం 2016లో బయటపడింది. పూయడానికి ఈ మొక్కకు జిబ్బరెల్లిన్ అనే హార్మోను కావాలి. దాని తయారీకి అవసరమైన ఒక జన్యువు ఇందులో సరిగా పని చేయడం లేదు. శాస్త్రజ్ఞులు ఆ హార్మోనును బయటి నుండి అందించారు. మొక్క పూచింది! అంటే పూయడం దానికి చేతకాక కాదు, ఆజ్ఞ అందక ఊరుకుంది.

పువ్వు లేనిదే గింజ లేదు. మరి ఈ మొక్క ప్రపంచమంతా ఎలా పాకింది? కణుపు కణుపుకూ వేళ్లు పుట్టడం దాని బలం. అడిగి ఒక కొమ్మ తెచ్చుకోవడం మన అలవాటు. అందుకే లోపం ఉన్నా ఇది నశించలేదు. మన చేతులే దానికి గింజలయ్యాయి.

చేసి చూడండి

బాగా పచ్చగా ఉన్న కొమ్మ ఒకటి, చారలు ఎక్కువగా ఉన్న కొమ్మ ఒకటి తీసుకోండి. రెండింటికీ కణుపులు, ఆకులు సమానంగా ఉండాలి. వేరువేరు సీసాల్లో, ఒకే వెలుతురులో ఉంచండి. వారానికోసారి కొలిచి రెండు నెలలు రాయండి. ఏది ముందు పెరిగింది? ఎందుకు? ఒక్క జాగ్రత్త: దీని రసం నోటికి తగిలితే చేమలాగే దురద, మంట పుడతాయి. పని కాగానే చేతులు కడుక్కోండి.