టెన్త్ బ్యాచ్ గెట్ టుగెదర్‌కి డీజే వేయాలంటే ముందు ఏం తెలియాలి?

పెళ్లి బరాత్‌కి, వినాయక నిమజ్జనానికి డీజే ఎలా వేస్తారో మీలో చాలామంది చూసే ఉంటారు. ఈ ఎపిసోడ్‌లో ఇంకో రకం ఈవెంట్ గురించి మాట్లాడుకుందాం. టెన్త్ బ్యాచ్ గెట్ టుగెదర్. ఫ్లెక్సీ మీద ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ అని వేస్తారు చూడండి, అదే. సంక్రాంతి, దసరా సెలవుల్లో, వేసవి ఆదివారాల్లో మన ఊళ్లలో ఇవి బాగా జరుగుతున్నాయి. డీజే నేర్చుకుంటున్న వాళ్లకి మంచి పనే. కానీ బరాత్‌లో వేసినట్టు వేస్తే దెబ్బతింటారు. నేను తిన్నాను కాబట్టే చెప్తున్నా.

నా మొదటి గెట్ టుగెదర్ ఒక పల్లెటూరి హైస్కూల్లో. 1998-99 టెన్త్ బ్యాచ్. వాళ్లు ఆ స్కూలు వదిలేటప్పటికి నేను పుట్టనే లేదు. పొద్దున్నే బాక్సులు దించి, ఆ నెలలో ట్రెండింగ్‌లో ఉన్న మాస్ పాటలు ఫుల్ సౌండ్‌తో మొదలుపెట్టా. పది నిమిషాల్లో షామియానా ఖాళీ. అందరూ వెళ్లి వేపచెట్టు కింద నిలబడ్డారు. ఒకన్న వచ్చి భుజం మీద చెయ్యేసి, "తమ్ముడూ, పాతికేళ్ల తర్వాత కలిశాం. ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడట్లేదు" అన్నాడు.

అది చిన్న తప్పు. పెద్దది ఆ తర్వాత చేశా. చనిపోయిన క్లాస్‌మేట్లకి, టీచర్లకి రెండు నిమిషాలు మౌనం పాటించారు. మైక్‌లో "ఇక కూర్చోండి" అనగానే, రెడీగా పెట్టుకున్న తీన్మార్ బీట్ వదిలేశా. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. చదివిన పేర్లలో ఒకటి ఆవిడ పక్కన, అదే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలిదట. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇదీ.

ఒకటి, ముందురోజే ప్రోగ్రాం షీట్ తీసుకోండి. మామూలుగా టిఫిన్లు, ప్రార్థన, మౌనం, టీచర్లకి శాలువాలు, ఒక్కొక్కరి పరిచయం, భోజనాలు, ఆ తర్వాత ఆటపాటలు. అంటే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మీ అసలు పని మైకే, పాట కాదు. చనిపోయిన వాళ్లు ఎంతమంది, వేయకూడని పాట ఏమైనా ఉందా అని కూడా అడగండి. మౌనం అయ్యాక ఏ పాటా వేయకండి. తర్వాత మాట్లాడేవాళ్లు మాట్లాడనివ్వండి.

రెండు, పాటల లెక్క. మనిషికి టీనేజ్‌లో విన్న పాటలు చివరిదాకా గట్టిగా గుర్తుంటాయి. జ్ఞాపకాల మీద పరిశోధన చేసేవాళ్లు దీన్ని ‘రెమినిసెన్స్ బంప్’ అంటారు. కాబట్టి టెన్త్ పాసైన సంవత్సరానికి రెండు మూడేళ్లు ముందు, రెండు మూడేళ్లు వెనక తీసుకోండి. 1999 బ్యాచ్ అయితే ప్రేమదేశం (1996), తొలిప్రేమ (1998), నువ్వే కావాలి (2000), ఖుషి (2001). 2009 బ్యాచ్ అయితే పోకిరి (2006), హ్యాపీడేస్ (2007), మగధీర (2009). శుక్రవారం చిత్రలహరి కోసం టీవీ ముందు కూర్చున్న వాళ్లకీ, ఎంపీ3 సీడీలు కాపీ చేయించుకున్న వాళ్లకీ లిస్ట్ ఒకటి కాదు. పాటలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లండి. పల్లెల్లో సిగ్నల్ని నమ్ముకోవద్దు.

మూడు, సౌండ్. 90ల పాటలు చాలావరకు ఇప్పటి పాటల కంటే తక్కువ లెవెల్‌లో రికార్డయి ఉంటాయి. కొత్త పాట తర్వాత పాత పాట వేస్తే నీరసంగా వినిపిస్తుంది. ముందే హెడ్‌ఫోన్‌లో విని, ఆ చానల్ గెయిన్ మాత్రం పెంచుకోండి. మాస్టర్ ముట్టుకోవద్దు. ఇక మైక్. ముసలి మాస్టారు మైక్ పట్టుకుని స్పీకర్ ముందుకొస్తే కీచుమంటుంది. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైక్‌లోకి వెళ్లి తిరగడం వల్ల అలా అవుతుంది. అందుకే స్పీకర్లు మైక్ కంటే ముందుకి, జనం వైపు తిప్పి పెట్టాలి.

నాలుగు, టైం. ఆడవాళ్లలో చాలామంది దూరం నుంచి వస్తారు. సాయంత్రం బస్సు అందుకోవాలి. డ్యాన్స్ రాత్రికి పెడితే అప్పటికి వాళ్లు ఉండరు. ఒకక్క నాతో అంది, "మా రోజుల్లో ఈ గ్రౌండ్‌లో అబ్బాయిలతో మాట్లాడితేనే తప్పు, ఇంక డ్యాన్స్ ఎక్కడ తమ్ముడూ" అని. అందుకే భోజనాలు కాగానే మొదలుపెట్టమని నేనే చెప్తా.

ఐదు, పర్మిషన్. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. ఇంకోటి, కాపీరైట్ చట్టం పెళ్లి ఊరేగింపుకీ, పెళ్లి వేడుకలకీ మినహాయింపు ఇచ్చింది. గెట్ టుగెదర్ అందులో లేదు. మ్యూజిక్ లైసెన్స్ ఎవరు చూసుకుంటారో అడ్వాన్స్ తీసుకునే ముందే తేల్చుకోండి.

చివరిగా, ఆ మొదటి రోజు సంగతి. భోజనాలయ్యాక, పొద్దున కళ్లు తుడుచుకున్న ఆవిడే నా దగ్గరకి వచ్చారు. చిన్న చీటీ ఇచ్చారు. మెల్లగా సాగే పాట. దీనికి ఎవరు ఆడతారు అనుకుంటూనే, సౌండ్ తగ్గించి వేశా. నిజంగానే ఎవరూ ఆడలేదు. నలుగురు ఆడవాళ్లు ఒకచోట చేరి, పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడారు. ఆ స్నేహితురాలు క్లాసులో ఎప్పుడూ పాడే పాటట. మిగతా వాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కుని విన్నారు.

ఎంతమంది ఎగిరారు అన్నదాన్నిబట్టి బరాత్‌లో డీజేని మెచ్చుకుంటారు. ఇక్కడ వాళ్ల గొంతు వాళ్లకి వినపడిందా లేదా అన్నదే లెక్క. ఫేడర్ కిందకి దించడం కూడా డీజే పనే, ఫ్రెండ్స్. మళ్లీ కలుద్దాం.