తోడ్పాటే నాయకత్వం

పనిచేసేచోట నాయకత్వమంటే ఆజ్ఞాపించడమేనని పలువురు భావిస్తారు. బేగం రొకేయా సఖావత్ హుస్సేన్ మార్గం వేరు. 1909లో భర్త స్మృత్యర్థం ఆమె భాగల్పూర్‌లో స్థాపించిన బాలికల పాఠశాల కుటుంబ వివాదాల వల్ల అక్కడ నిలువలేదు. 1911 మార్చి 16న కలకత్తాలో ఎనిమిది మంది విద్యార్థినులతో దానిని తిరిగి ప్రారంభించారు.

ధనం కొరత ఉండనే ఉంది. అంతకంటె పెద్ద చిక్కు ఉపాధ్యాయినులు దొరకకపోవడం. ఘోషా పాటించే కుటుంబాలు పురుషులు బోధించే బడికి ఆడపిల్లలను పంపవు; చదువుకొన్న ముస్లిం స్త్రీలా, బహు అరుదు. ఉపాధ్యాయిని లేనిదే బడి లేదు, బడి లేనిదే ఉపాధ్యాయిని రాదు!

రొకేయా కూడ ఏనాడూ బడిలో చదివినవారు కారు. అన్నగారి సాయంతో ఇంటిలోనే, పెద్దల కంటబడకుండ చదువుకొన్నారు. అందుచేత ఆమె ముందుగా ఇతర బాలికా పాఠశాలలకు వెళ్లి బోధనా పద్ధతులను పరిశీలించారు. తరువాత తన వద్ద పనిలో చేరిన స్త్రీలకు స్వయంగా శిక్షణనిచ్చారు. అనుభవం లేదని వారిని తిప్పిపంపి ఉంటే ఆ బడి నడిచేదే కాదు. 1919లో ప్రభుత్వం కలకత్తాలో ముస్లిం మహిళా శిక్షణ పాఠశాలను నెలకొల్పడానికి ప్రధానంగా ఆమె పట్టుదలే కారణం. 1916లో ఆమె స్థాపించిన మహిళా సంఘం పేద వితంతువులను ఆదుకొంది.

1932లో రొకేయా మరణించారు. సఖావత్ మెమోరియల్ పాఠశాల మాత్రం నేటికీ కోల్‌కతాలో ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలగా నడుస్తున్నది.